గిర్ని పెద్దబాపు, రెండు చెక్క స్పీకర్లు

పోయిన నెల ఒక పొద్దున నేను బడికి బయల్దేరుతుంటే బోధన్ నుంచి ఫోన్ వచ్చింది. చేసింది మా పెద్దబాపు కొడుకు, నాకు అన్న. "చెల్లె, బాపు ప్రభువు దగ్గరికి పోయిండు. చాయ్ తాగి గోడకు ఒరిగిండు, గంతే," అన్నాడు. ఏడుపు తర్వాత వచ్చింది. ముందు భయం వేసింది. బోధన్ నుంచి ఫోన్ వస్తే చాలు, ఎన్నో ఏళ్లుగా నేను మొదట అడిగే మాట ఒకటే: "పెద్దబాపు చేతులు మంచిగున్నయా?" ఆ పొద్దున కూడా అదే నోటిదాకా వచ్చి ఆగింది. నిజామాబాద్‌లో బస్సెక్కి బోధన్‌లో దిగేదాకా నా కాళ్లు వణుకుతూనే ఉన్నాయి. భయపడటానికి ఇక ఏమీ మిగల్లేదని కాళ్లకు ఎవరు చెప్పాలి?

నేను పుట్టు పిరికిదాన్ని. ఈ సంగతి ముందే ఒప్పుకుంటే తర్వాత చెప్పబోయేది మీకు తేలికగా అర్థమవుతుంది. కుక్క మొరిగితే భయం, తనిఖీకి ఎవరైనా బడికొస్తే భయం. "పిల్లలకు పాఠం చెప్పే పంతులమ్మ బల్లిని చూసి బెంచీ ఎక్కిందట," అని పెద్దబాపు పదిమందిలో నన్ను ఏడిపించేవాడు. నేను బెంచీ ఎక్కిన మాట నిజమే.

పెద్దబాపు అంటే మా నాన్నకు అన్న. బోధన్‌లో పిండి గిర్ని నడిపేవాడు. గోధుమలు, జొన్నలు, ఎండాకాలం మిరపకాయలు, పసుపు. చుట్టుపక్కల చెరుకు తోటల ఊళ్ల నుంచి రైతుల ఆడవాళ్లు వచ్చేవారు, సరిహద్దు అవతలి నుంచి మరాఠీ మాట్లాడే వాళ్లూ వచ్చేవారు. పసుపు పట్టే రోజుల్లో ఆయన కనుబొమ్మలు కూడా పచ్చగా ఉండేవి. మేం మెథడిస్టులం, చర్చిని గుడి అనే అంటాం. ఆదివారం తలస్నానం చేసి తెల్లచొక్కా తొడుక్కుని గుడికి వచ్చినా గోళ్లలో పసుపు మాత్రం పోయేది కాదు.

గిర్నిలో నాకు అన్నింటికన్నా భయం పట్టా అంటే. మోటారు నుంచి గిర్ని రాళ్లను తిప్పే పొడుగాటి గుడ్డ పట్టా అది. దాని రెండు కొసలనూ ఇనుప క్లిప్పులతో అతికేవారు. ఆ అతుకు తెగిందంటే తిరిగే పట్టా కొరడా అయిపోతుంది, అడ్డమొచ్చిన చెయ్యో ముఖమో మిగలదు. అయితే తెగే ముందు అతుకు దగ్గర చిట్, చిట్ మని సన్నటి చప్పుడు వస్తుంది. ఎంత మోతలో ఉన్నా పెద్దబాపు చెవి దాన్ని పట్టేసేది. మాట మధ్యలో వేలెత్తి, "ఆగు, పట్టా పిలుస్తున్నది," అని మోటారు బంద్ చేసేవాడు. అన్నేళ్లు గిర్ని నడిపినా ఆయన వేళ్లు ఆయనకు దక్కాయంటే ఆ చెవుల వల్లే.

ఆ చెవులకు ఆయన ఇచ్చుకున్న ఒకే ఒక్క సుఖం, ముందు గదిలోని రెండు చెక్క స్పీకర్లు.

అవి ఎనభైల మొదట్లో ఇంటికి వచ్చాయి. బదిలీ మీద పోతున్న ఒక ఆఫీసరు కుటుంబం వదిలించుకున్న సామాన్లలోవి. కొత్తగా ఉన్నప్పుడు కూడా అవి గొప్పవేమీ కావు, అగ్గువ రకమే. మోకాలెత్తు ప్లైవుడ్ పెట్టెలు, పైన చెక్క గీతల కాగితం, అది మూలల్లో అప్పటికే లేచిపోయింది. ముందు నల్ల గుడ్డ. గుడ్డ వెనక రొట్టెంత కాగితం స్పీకరు ఒకటి, దాని పైన చాయ్ సాసరంత చిన్నది ఇంకొకటి. పెద్దది లావు గొంతుకు, చిన్నది సన్న చప్పుళ్లకు. పెద్దబాపు వాటిని పెద్దది, సన్నది అనే పిలిచేవాడు.

తెచ్చిన వారంలోనే వెనక పలక విప్పి చూశాడు. లోపల ఖాళీ. పాత బొంత విప్పి, అందులోని దూదిని ఏకి, కొంచెం కొంచెంగా నింపాడు. "పెట్టె ఖాళీగుంటె మనిషి డబ్బాల తల పెట్టి మాట్లాడినట్టుంటది బిడ్డా," అన్నాడు. గోడకు రెండు జానల దూరంలో రెండు స్టూళ్ల మీద పెట్టాడు. జానలు ఆయన చేతివే, ఆదివారం ఆదివారం కొలిచేవాడు. ఎవరైనా ఊడ్చేటప్పుడు గోడకు జరిపితే డోలు మోత ఉబ్బిపోయి, గొంతు దాని వెనక దాక్కునేది. ఆ తేడా నాకు చూపించడానికి ఒకసారి జరిపి, మళ్లీ వెనక్కి లాగి, మళ్లీ జరిపి, అన్నం చల్లారిపోయేదాకా నన్ను కూర్చోబెట్టాడు.

సరైన చోట కూర్చుంటే అవి చేసే పని చిత్రంగా ఉండేది. పాట పెట్టెల్లోంచి వస్తున్నట్టుండదు, రెండింటి నడుమ ఖాళీ గోడ దగ్గర మనిషి నిలబడి పాడుతున్నట్టుంటుంది. పాడేవాళ్లు పల్లవి ఎత్తుకునే ముందు పీల్చే గాలి వినబడుతుంది. హార్మోనియం మీట నొక్కితే కింద చెక్క టక్కుమనడం వినబడుతుంది. "పాట కన్న ముందు ఊపిరి ఇనాలె. ఊపిరి ఇనవడ్తె గది మంచి స్పీకరు," అనేవాడు. తర్వాతి రోజుల్లో లైట్లు వెలిగే పెద్ద పెద్ద సెట్లు వచ్చాయి. పక్కింటివాళ్ల సెట్టు మోగితే మా కిటికీ అద్దాలు అదిరేవి. ఆయన అసూయపడలేదు. "గవి కొడ్తయి, గివి మాట్లాడ్తయి," అని తేల్చేశాడు. తన స్పీకర్ల లోపం కూడా దాచేవాడు కాదు. లోతైన డోలు దెబ్బ వాటివల్ల కాదు, తలుపు తట్టినట్టు వినిపిస్తుంది. "లేంది ఉన్నట్టు చూపియ్యయి. గందుకే నాకు పానం," అన్నాడు ఒకసారి.

ఆయనకు అన్నింటికన్నా ఇష్టమైన క్యాసెట్ ఆయన చేతులతో రికార్డు చేసుకున్నదే. మా గుడి గాయక బృందం పాడిన ఒక కీర్తన అది. అందులో చేతి తాళాలు వేసింది పెద్దమ్మ. ఆమెకు పాడటం రాదు, తాళం కూడా అంతంత మాత్రమే, మూడో చరణంలో ఒక దెబ్బ ఆలస్యంగా పడుతుంది. రికార్డు చేసిన మరుసటి ఏడాదే పెద్దమ్మ పోయింది. ఆ తర్వాత ప్రతి ఆదివారం గుడి నుంచి వచ్చి ఆయన ఆ క్యాసెట్ పెట్టేవాడు. ఆ చోటు రాగానే వేలెత్తి, "ఇగో, మీ పెద్దమ్మ ఆలిశం," అని నవ్వేవాడు.

తొంభైల నడుమ ఒక క్రిస్మస్ సెలవుల్లో వెళ్లాను. అప్పటికి నాకు నిజామాబాద్‌లో పంతులమ్మ ఉద్యోగం వచ్చి రెండేళ్లు. ఆదివారం మామూలుగానే క్యాసెట్ పెట్టాడు. హార్మోనియం వచ్చింది, గొంతులు వచ్చాయి. కానీ పాట మీద దుప్పటి కప్పినట్టుంది. ఊపిరి లేదు. తాళాలు లేవు. టేపు అరిగిందేమో అనుకున్నాను. మూడో చరణం వచ్చింది. ఆయన కళ్లు మూసుకుని, సరిగ్గా ఆ చోట వేలెత్తాడు. "ఇగో, మీ పెద్దమ్మ ఆలిశం," అన్నాడు, నవ్వాడు.

ఆ చోట నాకు ఏమీ వినబడలేదు.

ఆయన నీళ్లకోసం లోపలికి వెళ్లగానే లేచి ఎడమ పెట్టెలోని సన్న స్పీకరుకు చెవి ఆనించాను. చప్పుడు లేదు. కుడి దానికి ఆనించాను. అదీ అంతే. అప్పుడు ఆంప్లిఫయర్ వైపు చూశాను. సన్న చప్పుళ్లను పెంచే ట్రెబుల్ నాబ్ కుడివైపు చివరికంటా తిప్పి ఉంది. దాన్ని ఎన్నడూ నడిమి దాటనివ్వని మనిషి ఆయన. సన్న చప్పుడు తగ్గిందనిపించినప్పుడల్లా కొంచెం కొంచెం తిప్పుకుంటూ పోయాడు. తగ్గింది స్పీకరులో కాదు, ఆయన చెవిలో. ఆ దెబ్బకు రెండు సన్న స్పీకర్లూ కాలిపోయాయి, కాలిపోయిన సంగతి కూడా ఆయనకు తెలియలేదు. ఆయన వింటున్నది యాదిలో ఉన్న పెద్దమ్మను.

నీళ్ల గ్లాసుతో తిరిగొచ్చి, "ఎట్లున్నది బిడ్డా?" అన్నాడు.

"మంచిగున్నది పెద్దబాపు," అన్నాను.

ఆ అబద్ధం జాలితో చెప్పాను. తిరుగు బస్సులో ఎడపల్లి దాటాక పట్టా గుర్తుకొచ్చింది. తాళాలు వినబడని చెవికి చిట్ చిట్ మనే అతుకు ఎలా వినబడుతుంది? ఆయన రేపు పొద్దున మళ్లీ ఆ పట్టా పక్కనే నిలబడతాడు. దిగి వెనక్కి వెళ్లాల్సింది. వెళ్లలేదు.

ఆ తర్వాత నాలుగు నెలలు నేను చేసిన పని సిగ్గు విడిచి చెప్తున్నాను. ఏమీ చేయలేదు. ఉత్తరం రాసి చింపేశాను, రెండుసార్లు. అన్నకు చెబుదామంటే అతను చెరుకు లారీ మీద తిరుగుతుండేవాడు, పైగా చెబితే గిర్ని మూయించేస్తాడు. గిర్ని మూస్తే పెద్దబాపు ఏమైపోతాడు? చెప్పకపోతే ఏమైపోతాడు? ఈ రెండు ప్రశ్నల మధ్య నేను బ్లాక్‌బోర్డు ముందు చాక్‌పీసు పట్టుకుని నిలబడిపోయేదాన్ని. హెడ్‌మాస్టర్ గదిలో ఫోన్ మోగితే పాఠం ఆగిపోయేది. బోధన్ నుంచి ఎవరు వచ్చినా వాళ్ల ముఖం చూడటానికి భయం. ఎవరో ఒకరు గమనించి చెబుతారులే అనుకున్నాను. గమనించింది నేనొక్కదాన్నే.

ఎండాకాలం సెలవుల మొదటి రోజే బోధన్ వెళ్లాను. గిర్నిలో ఆరేడుగురు ఆడవాళ్లు డబ్బాలు పెట్టుకుని కూర్చున్నారు. జొన్నలు తెచ్చిన ఒక మరాఠీ అవ్వ, అందరూ మావ్‌షీ అని పిలిచే ఆమె, ముందు వరుసలో ఉంది. నేను ముక్కుకు కొంగు అడ్డం పెట్టుకుని గడప దగ్గరే నిలబడ్డాను. పెద్దబాపు వంగి పిండిని రెండు వేళ్ల నడుమ రుద్ది చూస్తున్నాడు. పట్టాకూ ఆయన భుజానికీ జానెడు దూరం.

చిట్.

నేను ఆయన వేలు లేస్తుందని చూశాను. చిట్, చిట్. ఆయన మావ్‌షీతో ఏదో వేళాకోళం ఆడుతున్నాడు. చిట్, చిట్, చిట్. వేలు లేవలేదు. నా నోరు పెగల్లేదు. అలా ఎంతసేపు నిలబడ్డానో నాకే తెలియదు. మూడు నాలుగు క్షణాలే అయ్యుంటుంది.

"పట్టా! పెద్దబాపు, పట్టా!" అని అరిచాను. ఆడవాళ్లంతా దిగ్గున లేచారు. వాళ్లు లేవడం చూసి ఆయన మోటారు ఆపాడు. ఆపినా పట్టా ఇంకా తిరుగుతూనే ఉంది. పరుగెత్తి ఆయన చొక్కా పట్టి వెనక్కి గుంజాను. అప్పుడు తెగింది. తెగిన కొస గాల్లో లేచి ఎదురు గోడను కొట్టింది. సున్నం పెళ్ల ఒకటి ఊడి కింద పడింది. ఆ పెళ్ల ఊడిన చోటు సరిగ్గా ఆయన ముఖమంత ఎత్తులో ఉంది.

గాల్లోకి లేచిన పిండి మెల్లగా కిందికి దిగుతోంది.

"నువ్వెట్ల సూసినవ్?" అని అడిగాడు పెద్దబాపు.

"సూడలే పెద్దబాపు. ఇన్న."

ఆయన నా వైపు, గోడ వైపు, మళ్లీ నా వైపు చూశాడు. ఆడవాళ్లతో, "రేపు రండ్రి అమ్మా," అని, చేతులు కూడా కడుక్కోకుండా ఇంటికి నడిచాడు. నేను వెనకాలే వెళ్లాను. ముందు గదిలో కూర్చుని, "క్యాసెట్ పెట్టు," అన్నాడు. పెట్టాను. కొంచెంసేపు విని, కళ్లు తెరిచి, "సచ్ చెప్పు బిడ్డా. తాళం వస్తున్నదా?" అన్నాడు.

"వస్తలేదు."

"ఎప్పటిసంది?"

"క్రిస్మస్ సంది."

ఆయన ముఖంలోకి కోపం వచ్చింది, చూస్తుండగానే పోయింది. "గప్పుడు నాకు మంచిగున్నదని చెప్పి పోతివి," అన్నాడు.

"చెప్పాలంటె భయమైంది పెద్దబాపు," అని ఏడ్చేశాను.

"నాకైతలేదా భయం?" అన్నాడు. ఆయన నోట ఆ మాట నేను ఎన్నడూ వినలేదు. పాము వచ్చినా చీపురు తెమ్మనే మనిషి. పిండి చేతులు రెండూ మోకాళ్ల మీద పెట్టుకున్నాడు. "ఈ చెవులు లేకుంటె గిర్నిల నేనెవణ్ణి? అది పాటల తాళం కొడ్తున్నదనే అనుకున్న ఇన్ని దినాలు. లేనేలేదా?" అన్నాడు. అది అంటే పెద్దమ్మ. నేను తల అడ్డంగా ఊపాను. చేతుల పిండి దులుపుకుని, "ఇప్పటిసంది నాకు ఇనరాంది ఏదన్న గాని, ఉంటె ఉన్నదను, లేకుంటె లేదను. నన్ను ఖుష్ చెయ్యకు," అన్నాడు. సరేనన్నాను. నా జీవితంలో అంత భయంతో ఒప్పుకున్న మాట ఇంకొకటి లేదు.

గిర్ని మూసేస్తాడనుకున్నాను. మరునాడు కొత్త పట్టా బిగించి, ఆడవాళ్లంతా వచ్చాక, మోటారు వెయ్యకుండా వాళ్ల ముందు నిలబడ్డాడు. మెడలో తువ్వాలను రెండు చేతులా గట్టిగా పట్టుకున్నాడు. "అక్కా, అవ్వా, జర ఇనుండ్రి. నాకు సన్న సప్పుడు ఇనవడ్తలేదు. నిన్న సూసిండ్రు గద. ఇగ మీరే ఇనాలె. ఎవల వంతు ముందుంటె వాళ్లు ఈ పీట మీద కూసోవాలె. పట్టా చిట్ మంటె కేకెయ్యాలె. కేకేసినోళ్లను నేను ఏమనను," అన్నాడు.

బోధన్‌లో గిర్ని నడిపే మగమనిషి పదిమంది ఆడవాళ్ల ముందు తన చెవులు పనిచేయడం లేదని చెప్పుకోవడం అంటే ఏమిటో అక్కడ ఉన్నవాళ్లకే తెలుసు. ఎవరో ఒకామె కిసుక్కుమంది. మావ్‌షీ ఆమెను కసిరి, తన జొన్నల డబ్బా పక్కకు జరిపి, లేచి వచ్చి పీట మీద కూర్చుంది. పిచ్చుక అరిచినా "థాంబా! థాంబా!" అని ఆగమని కేకలు వేసేది. పెద్దబాపు ప్రతిసారీ మోటారు ఆపి, పట్టా వంగి చూసి, మళ్లీ వేసేవాడు. ఆ పొద్దున పన్నెండుసార్లయినా ఆపి ఉంటాడు. "ఊకెనే ఆపితె ఏం పోదు మావ్‌షీ," అని మాత్రం అన్నాడు. కొన్నాళ్లకు ఆ పీట అందరికీ అలవాటైపోయింది. గిర్నికి వెళ్తే పిండి పట్టించుకోవడం, పట్టాను వినడం రెండూ పనులే. ఆ తర్వాతి ఏళ్లలో రెండుసార్లు అతుకు తెగబోతే ఆడవాళ్లే పట్టుకున్నారు.

ఆ సెలవులు అయిపోకముందే నిజామాబాద్ వెళ్లి రెండు సన్న స్పీకర్లు కొనుక్కొచ్చాను. "నాకెందుకే అవి?" అంటాడనుకున్నాను. అనలేదు. "నీకు ఇనవడ్తది గద. పెట్టె అబద్దం చెప్పొద్దు," అని తనే సీసం కరిగించి వైర్లు అతికాడు. నాబ్‌ను నడిమికి తెచ్చి, ఇంకెన్నడూ దాటకుండా మేకుతో గీత గీశాడు. క్యాసెట్ పెట్టి, పాట వైపు కాక నా ముఖం వైపు చూస్తూ కూర్చున్నాడు.

"వచ్చిందా?"

"వచ్చింది."

"ఏడ?"

"హార్మోనియం పక్కకు, కొంచెం ఎనుక."

ఆయన ఆ ఖాళీ గోడను చాలాసేపు చూశాడు. "ఆలిశం కొట్టిందా?" అన్నాడు. కొట్టిందన్నాను. అప్పుడు నవ్వాడు. ఆ నవ్వు చూసి నాకు ధైర్యం రావాలి కదా, రాలేదు. ఇక నుంచి ఆయనకు పోయేవన్నీ నా నోటితోనే చెప్పాలని తెలిసొచ్చి ఇంకా దిగులైంది.

అలాగే జరిగింది. వెళ్లినప్పుడల్లా ఏదో ఒకటి తక్కువయ్యేది. ముందు హార్మోనియం పై మెట్లు. తర్వాత ఆడగొంతులు. తర్వాత మాటలు, చప్పుడు ఉండేది గాని ఏమంటున్నారో తెలిసేది కాదు. నేను గట్టిగా, ఆయన చూస్తుండగా పెదవులు విప్పి చెప్పేదాన్ని: ఉన్నది, ఉన్నది, ఇది నీకు ఇనవడ్తలేదు గని ఉన్నది. అన్న లారీ మానేసి గిర్ని పట్టుకున్నాడు, పట్టా చుట్టూ ఇనుప జాలీ బిగించాడు. అయినా పెద్దబాపు రోజూ వెళ్లి అక్కడే కూర్చునేవాడు, పిండిలో చెయ్యి పెట్టేవాడు. ఫోన్ వస్తే నేను ముందు చేతుల గురించి ఎందుకు అడిగేదాన్నో ఇప్పుడు మీకు తెలుసు. చివరిదాకా ఆ చేతులకు ఏమీ కాలేదు. దానికి నేను దేవుడికీ, ఊరి ఆడవాళ్లకూ రుణపడి ఉన్నాను. అంతకన్నా ఎక్కువ, తన భయాన్ని నలుగురి ముందు పెట్టగలిగిన ఆ మనిషికి రుణపడి ఉన్నాను. అది నాకు ఈ రోజుకీ చేతకాదు.

ఆయనను చివరిసారి చూసింది పోయిన ఈస్టర్ తర్వాత ఒక మధ్యాహ్నం. చెవులు దాదాపు పూర్తిగా పోయాయి. కుర్చీలో కూర్చోవడం మానేసి, ఎడమ పెట్టె పక్కన నేల మీద కూర్చుని, గుడ్డ మీద అరచెయ్యి ఆనించి వింటున్నాడు. "చెయ్యికి వస్తది బిడ్డా, కొంచెం కొంచెం," అన్నాడు. క్యాసెట్ పెట్టాను. ఆయన కళ్లు మూసుకున్నాడు. గడ్డం మెల్లగా తాళానికి ఊగుతోంది.

కీర్తన అయిపోయింది. ఆయన గడ్డం ఇంకా ఊగుతూనే ఉంది. టేపు ఖాళీగా తిరుగుతోంది. ఆపుదామని లేవబోయాను, లేవలేకపోయాను. కాసేపటికి గడ్డం ఆగింది. కళ్లు తెరిచి నా నోటి వైపు చూశాడు.

"ఉన్నదా బిడ్డా?"

మంచిగున్నది పెద్దబాపు అన్న మాట నాలుక చివరిదాకా వచ్చింది. "లేదు పెద్దబాపు. అయిపోయింది," అన్నాను, పెదవులు బాగా విప్పి, మెల్లగా.

ఆయన తల ఊపాడు. చెయ్యి మాత్రం తియ్యలేదు. నేనూ టేపు ఆపలేదు. అది చివరికంటా సన్నగా బుసకొడుతూ తిరిగింది. ఆ గదిలో అది వినబడింది నాకొక్కదానికే.